ముప్పై ఏడో పోగు

మా ముత్తాత చెంగల్రాయప్ప గారికి గుడియాత్తం నేతవీధిలో మొదటి తాంబూలం. ఆయన తిన్నె దిగి వచ్చి పోగు ముట్టుకుంటే తప్ప ఆ ఏటి మొదటి పడుగు, అంటే మగ్గం ఎక్కే నిలువు పోగుల బారు, వీధిలో సాగేది కాదు. మా తాత మునిరత్నమయ్య గారి కాలంలో చెన్నపట్నం నుంచి సరుకు కోసం వచ్చినవాళ్ళు రైలు దిగి "పెద్దిల్లు" అంటే చాలు, జట్కావాడు మారు మాట అడగకుండా తెచ్చి మా వాకిట్లో దింపేవాడు. మా నాయన వేలూరులో ఏ సభ జరిగినా పిలుపు అందుకుని ముందు వరస కుర్చీలో కూర్చున్న మనిషి. ఇవి గొప్పకు చెప్పడం లేదు. ఉన్నవి కనుక చెబుతున్నాను. తక్కినది చెప్పేటప్పుడు, చెప్పేది ఏ ఇంటివాడో తెలియాలి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఏ శుభకార్యానికైనా లెక్క నిండిన తర్వాత పైన ఒకటి వేస్తాము. పన్నెండు అరటిపండ్లు పెట్టవలసిన చోట పదమూడు. నూరు తమలపాకులకు నూటొకటి. నిండిన లెక్క అక్కడితో ఆగిపోతుందని, పైన ఒకటి ఉంటే ఇంకా వస్తూ ఉంటుందని నమ్మకం. ఇది వేరే ఇళ్ళలోనూ ఉన్నదే, కాని మా ఇంట్లో ఉన్నంత పట్టుదల ఎక్కడా లేదు. వియ్యాలవారు పంపిన సారెలో పైన ఒకటి లేదని మా ముత్తాత బండిని వాకిట్లో నుంచే తిప్పి పంపారట. వీధిలో దాన్ని "పెద్దింటి ఒకటి" అనేవారు. ఆ మాటలో ఎంత గౌరవం, ఎంత ఎగతాళి ఉండేదో నేను ఆ వయసులో విచారించలేదు.

పోయిన నెల, వేలూరులో నేను రాతపని చేసే వకీలు గారి వసారాలో గుడియాత్తం నుంచి దావా పనిమీద వచ్చిన నేతగాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు.

"చిన్నయ్యా, తప్పులెక్కాయన పోయినాడు, తెలుసునా?"

"ఎప్పుడు?"

"మొన్న అమాస ముందర. ఈడనే, వేలూర్లోనే. కొడుకు వచ్చి తీసకపోయినాడు."

కలం పక్కన పెట్టాను. అతను చావు సంగతి చెప్పడానికే చెప్పాడు, నన్ను నొప్పించడానికి కాదు. అయినా ఆ పేరుతోనే చెప్పాడు. వీధికి వేరే పేరు గుర్తు లేదు. ఆ పేరు ఆయనకు రావడానికి కారణం మా ఇల్లు.

బతికి ఉన్నప్పుడు మా ఇంట్లో ఆయనను ఎవరూ "ఆయన" అనలేదు. మా కులంవాడే. దూరపు వరస కూడా ఏదో ఉంది గాని దాన్ని మావాళ్ళు పైకి అనేవారు కాదు. పొట్టి మనిషి. చెవి వెనక ఎప్పుడూ రెండు మూడు తెగిన పోగులు ఇరికించి ఉండేవి. పారేయడానికి మనసు ఒప్పేది కాదట. లెక్క చూసేటప్పుడు ఎడమ కన్ను సగం మూసేవాడు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేది. చేతికి పన్నెండు కణుపులు. రెండు చేతులూ కలిపితే ఇరవై నాలుగు. ఆయనకు పలక ఉందంటే అదే.

చదువు రాదు. తెలుగు మాట్లాడేవాడు, అరవం మాట్లాడేవాడు, అక్షరం మాత్రం దేనిలోనూ రాదు. అంకెలు గుర్తుపట్టేవాడు. వీధిలో ఎవరి పడుగుకైనా లెక్క ఆయనదే. గుడ్డ ఎంత వెడల్పు, రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి, గడికి ఎన్ని పోగులు, అంచుకు ఎన్ని, అన్నీ ఆయన నోటినుంచి వచ్చాకే ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టడానికి కూర్చునేవారు. మా దగ్గర పడుగును పుంజాల్లో లెక్కపెడతారు. పుంజానికి నూట ఇరవై పోగులు. ఆ నూట ఇరవై అంటే ఆయనకు ఎంతో ప్రేమ.

"నూటిరవై పెద్ద సంసారి సామీ. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, పదైదు, ఇంకా చెప్పమంటే చెప్తా, అందురూ ఆయప్ప ఇంటికి చుట్టాలే. ఎవురొచ్చినా పీట వేస్తాడు. నూటిరవై ఏడు ఉండాడే, వాడింటికి పో. తలుపు తియ్యడు."

ప్రతి అంకెకూ ఇట్లా ఒక గుణం చెప్పేవాడు. ఏ భాగానికీ లొంగని అంకెను "ఒంటివరస" అనేవాడు. ఎందుకో మొదట నాకు తెలియలేదు. ఒకనాడు మా తిన్నె మీద చింతగింజలు పోసుకుని చూపించాడు. పన్నెండు గింజలు తీసి రెండు వరసలు పేర్చాడు, చెరిపి మూడు వరసలు పేర్చాడు, చెరిపి నాలుగు. తర్వాత ఇంకొక గింజ కలిపాడు. పదమూడు. రెండు వరసలు పెడితే ఒకటి మిగిలింది. మూడు పెట్టినా ఒకటి మిగిలింది. నాలుగు పెట్టినా అంతే. చివరికి గింజలన్నిటినీ ఒకే వరసలో తిన్నె అంచు పొడుగునా పేర్చి, "ఇంతే. వీడికి ఇదొగటే దోవ" అన్నాడు. ఆ వరసను చూసి నిజంగానే జాలిపడినట్టు నాలుక చప్పరించాడు.

వీధిలో నడుస్తూ వాకిళ్ళు లెక్కపెట్టేవాడు. నలభై మూడు వాకిళ్ళ వీధి మాది. "ఈ తెరువులో వాళ్ళకి ఎప్పుడూ పొత్తు కుదరదు" అని నవ్వేవాడు. ఒకసారి మా ఇంట్లో భోజనాల దగ్గర విస్తళ్ళు వేశారు. అందరూ కూర్చున్నాక చూస్తే ఆయన లేచి నిలబడి ఉన్నాడు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏమి నాయనా, లేచినావే?"

"యాభై మూడు విస్తళ్ళు వేసినారమ్మా. అది ఒంటివరస. నేను లేచినానంటే యాభై రెండు. నాలుగు పదమూళ్ళు, వరసలు సరిగ్గా కుదిరినాయి. చూడు."

"నీ వరసలు మండిపోను! కూచోని తినప్పా."

"తింటాలేమ్మా, వీళ్ళు లేచినాక."

మా అవ్వ నవ్వింది, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. బయట తిన్నె మీద రెండు గంటలు కాచుకుని ఒంటరిగా తిని వెళ్ళాడు. ఎవరినైనా ఒకరిని పిలిచి యాభై నాలుగు చేయవచ్చు. అది ఆయనకు తోచకపోలేదు. పిలిచే హక్కు తనది కాదని ఆయనకు తెలుసు.

నేను వేలూరులో ఎఫ్.ఏ. చదివి పరీక్ష రాసి ఇంటికి వచ్చిన ఎండాకాలం అది. వీధిలో అంతవరకు చదివినవాడు ఇంకొకడు లేడు. మా నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్ళకెల్లా చెప్పేవారు. ఒక సాయంత్రం నలుగురు ఉండగా నాకు ఆయనను పరీక్షించాలని బుద్ధి పుట్టింది.

"మూడు వందల తొంభై ఒకటి. దీనికి భాగాలు చెప్పు చూద్దాం" అన్నాను. నేను ముందే చూసి పెట్టుకున్నాను. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, దేనికీ పోదు. మా పుస్తకం మాటలో అది ప్రధాన సంఖ్య అని తేల్చుకుని ఉన్నాను.

ఆయన ఎడమ కన్ను మూతపడింది. బొటనవేలు కణుపుల మీద ఒక చుట్టు తిరిగింది.

"పదిహేడు ఇరవైమూళ్ళు" అన్నాడు.

నేను నవ్వబోయి, మనసులో గుణించి చూసుకుని, ఊరుకున్నాను. ఆయన నా మొహం చూసి, నన్ను కాపాడాలన్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"నువ్వు పదమూడు కాడ నిలిచిపొయినావు చిన్నయ్యా. అందురూ ఆడనే నిలిచిపోతారు. ఎందాకా పోవాలంటే, వరసల లెక్కా వరసలో గింజల లెక్కా సమానమయ్యేదాకా. ఇరవై ఇరవైలు నాన్నూరు. మన అంకె నాన్నూటికి లోపల. అంటే ఇరవై లోపల ఉండేవాళ్ళందర్నీ అడగాల. పదిహేడును అడగలా నువ్వు. ఇరవై దాటి అడగబల్లేదు, వాళ్ళకి జోడీ ఈ పక్కనే దొరికుంటాడు గదా."

ఎంత చక్కగా చెప్పాడో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకు వినిపించింది ఒకటే: మా తిన్నె మీద, మా నాయన ఎదుట, ఓనమాలు రానివాడు నాకు పాఠం చెప్పాడు. మా నాయన లేచి లోపలికి వెళ్ళారు. ఆ అడుగుల చప్పుడు నేను మరిచిపోలేదు.

ఆ ఏడే చెన్నపట్నం ఏజెంటు పెద్ద బేరం తెచ్చాడు. గళ్ళ దుప్పట్లు. పన్నెండు పుంజాల వెడల్పు, అంటే పద్నాలుగు వందల నలభై పోగులు. రెండు గుడ్డలు పక్కపక్కన పెట్టి కుట్టి ఒక దుప్పటి చేస్తారు. కుట్టు దగ్గర గడి తెగకూడదు, ఒక గుడ్డలో గడి ముగిసిన చోట రెండో గుడ్డలో గడి మొదలు కావాలి. ఏజెంటు తెచ్చిన నమూనాలో గడికి ముప్పై ఆరు పోగులు. ఎరుపు పన్నెండు, నీలం పన్నెండు, తెలుపు పన్నెండు. వెడల్పుకు సరిగ్గా నలభై గళ్ళు. ఎక్కడా పోగు మిగలదు.

మా నాయన ఆ కాగితం నా చేతికి ఇచ్చి, "ఈసారి లెక్క నువ్వు రాయి" అన్నారు. ఎందుకు అన్నారో ఇద్దరికీ తెలుసు.

నేను రాశాను. ముప్పై ఆరు నిండిన లెక్క కదా. మా ఇంటి మొదటి పెద్ద చెన్నపట్నం బేరం, నా చేతి మొదటి లెక్క. పైన ఒకటి వేశాను. ప్రతి గడి చివరా అమ్మవారి పేర ఒక పసుపు పోగు. గడికి ముప్పై ఏడు. మా నాయన కాగితం చూసి కళ్ళకు అద్దుకున్నారు. ఏజెంటుకు ఒక మాట రాయమంటే, పసుపు పోగు ఒకటి ఎక్కువైతే అందమే గాని లోటు ఏమిటని రాశాను. అతను సరేనన్నాడు.

లెక్క నాదైనా పడుగు వేయించేది ఆయనే. మరునాడు పొద్దున వచ్చాడు. కాగితం మీద అంకెల దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది ఎవురు రాసినారు చిన్నయ్యా?"

"నేనే."

"ముప్పై ఏడా?"

"ముప్పై ఆరు మీద మా ఇంటి ఒకటి."

ఆయన తిన్నె మీద కూర్చున్నాడు. మా ఎదుట అడగకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

"సామీ, ఆ ఒగటి వద్దు. ఒగటితో హెచ్చవేస్తే ఏ అంకెకీ ఏమీ కాదు. ఒగటి కలిపినావంటే మాత్రం చుట్టాలందురూ మారిపోతారు. ముప్పై ఆరుకీ పుంజానికీ పొత్తుండాది. మూడు పుంజాలకి పది గళ్ళు, ఇద్దరూ ఆడ కలుసుకుంటారు. ముప్పై ఏడు ఒంటివరస. పుంజంతో వాడు కలిసేది ఎప్పుడు తెలుసునా, నాలుగువేల నాన్నూట నలభై పోగుల కాడ. అంత గుడ్డ ఎవురు కట్టుకుంటారు? నీ పడుగు అంతలో ముగిసిపోతాది. కడపటి గడి కుంటిదైతాది."

"అమ్మవారికి వేసిన పోగు తీయమంటావా?"

"తియ్యొద్దు. తెలుపులో ఒగటి తగ్గించి ఆ జాగాలో పసుపు పెట్టు. అమ్మా ఉంటాది, ముప్పై ఆరూ ఉంటాది."

ఇంత సులువైన దారి చూపించాడు. ఒక్క తెల్ల పోగు. నేను ఏమన్నానో అక్షరం తప్పకుండా గుర్తుంది.

"ఉన్నదాంట్లో తీసి పెట్టేది మొక్కు కాదు. మీద వేసేదే మొక్కు. మా ఇంటి ఆచారం నీకు తెలియదు."

నిజానికి మా ఇంటి ఆచారం నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. మూడు తరాలుగా మా తాంబూలాలకు ఆకులు లెక్కపెట్టింది వాళ్ళ ఇల్లే.

ఆయన కాగితం మడిచి నా పక్కన పెట్టాడు. లేచి పైబట్ట దులుపుకుని అన్నాడు: "సరే. మీరు చెప్పినట్టే వేయిస్తా. ఒగటే అడుగుతా. పడుగు సాగేటప్పుడు నలుగురిలో ఒక మాట చెప్పెయ్, ఈ లెక్క నాది కాదని. నాకు మగ్గం ఒగటి, నా లెక్క తప్పదనే మాట ఒగటి. రెండో దాంతోనే తింటా ఉండాను."

నేను నవ్వాను. "నా లెక్క నాదని నేను దండోరా వేయాలా?" అన్నాను.

పడుగు సాగింది. నేను ఏమీ చెప్పలేదు. ఆయన నెత్తిన గుడ్డ చుట్టుకుని, ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ, ముప్పై ఏడు ముప్పై ఏడుగా పోగులు వేయించాడు. ఎవరైనా అడిగితే, "పెద్దింటి లెక్క" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనలేదు.

రెండు నెలలకు ఏజెంటు మూటలు వెనక్కి తెచ్చాడు. మా తిన్నె మీదే రెండు గుడ్డలు విప్పి అంచుకు అంచు చేర్చి పరిచాడు. వీధి అంతా వచ్చింది. ముప్పై ఎనిమిది గళ్ళు నిండుగా ఉన్నాయి. ముప్పై తొమ్మిదోది ముప్పై నాలుగు పోగుల దగ్గర ఆగిపోయింది. ఎరుపు పన్నెండూ ఉంది, నీలం పన్నెండూ ఉంది. తెలుపు పదే. ఆ రెండు తెల్ల పోగులూ, వాటి తర్వాత రావలసిన పసుపు పోగూ లేవు. అమ్మవారి కోసం నేను పైన వేసిన పోగు, సరిగ్గా రెండు గుడ్డలు కలిసే చోట, ప్రతి దుప్పటిలోనూ లేదు.

"ఏమండీ, పెద్దిల్లంటే ఇదేనా లెక్క?" అన్నాడు ఏజెంటు.

మా నాయన తల తిప్పి, వీధివాళ్ళలో నిలబడి ఉన్న ఆయన వైపు చూశారు. "పడుగు ఎవురు వేయించినారు?"

"నేనే అయ్యా. రాసింది మాత్రం..." అని ఆయన నా వైపు చూశాడు.

"రాసింది మావాడు. ఎఫ్.ఏ. చదివినోడు. వాడి రాతలో తప్పుండదు. నువ్వు పోగులు తప్పినావు."

మా నాయనకు తెలుసు. ఆ కాగితం కళ్ళకు అద్దుకున్న మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? నా వైపు మాత్రం చూడలేదు. పడుగు వేయించిన ఆయన మాత్రం చూస్తూనే ఉన్నాడు. కోపంగా కాదు. పాఠం అప్పజెప్పవలసిన వాడి నోట మాట కోసం కాచుకున్నట్టు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. చిన్నపిల్లవాడిని కాను. వీపు నిటారుగా పెట్టుకుని నిలబడి ఉన్నాను, మాట్లాడలేదు.

ఆయన వంగి, గుడ్డ మీద వేలు పెట్టి, గడి గడికీ పైకే లెక్కపెట్టాడు. "ముప్పై ఎనిమిది నిండు. ఒగటి కుంటి" అన్నాడు. పోగులు తాను తప్పలేదని అంతకంటే స్పష్టంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. తప్పి ఉంటే ముప్పై ఎనిమిదీ నిండుగా రావు. కాని ఆ మాట అర్థం చేసుకోగలవాళ్ళు అక్కడ ఇద్దరమే, ఆయనా నేనూ. పైబట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఎవరో ఆ పేరు పెట్టారు. తప్పులెక్కాయన. మొదట వెనక అన్నారు, తర్వాత ముఖానే అన్నారు. పడుగులు ఆయన దగ్గరికి రావడం ఆగిపోయింది. మరుసటి ఏడు కట్టడాల పనికి పోయేవాళ్ళతో కలిసి వేలూరు వెళ్ళిపోయాడని విన్నాను. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. చెన్నపట్నం బేరాలు పోయాయి, మిల్లు గుడ్డ వచ్చింది, మా మగ్గాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. చివరికి నేనూ వేలూరు వచ్చి వకీలు గారి దగ్గర కలం పట్టాను.

ఒకనాడు కోట పక్కన కొత్తగా లేస్తున్న కట్టడం ముందు నుంచి పోతూ ఉంటే లోపల్నుంచి ఆ గొంతు వినిపించింది.

"రెండొందల ఇరవై మూడు రాళ్ళు తెచ్చినావు మేస్త్రీ. ఇవి వసారాకైతే ఒగే వరసన పోతాయి. గది నేలకి పనికిరావు."

"పోప్పా! రాళ్ళు రాళ్ళే గదా, గది నిండితే చాలదా?"

"నిండదు. పదమూడు దాకా అందర్నీ అడిగి చూసినా. పదైదు పదైదులు రెండొందల ఇరవై అయిదు, ఇంక ముందుకి పోబల్లేదు. ఇది ఒంటివరస. రెండు రాళ్ళు పగలగొట్టు, పదమూడు పదిహేళ్ళు, ఎంత లక్షణంగా పడతాదో చూడు."

మేస్త్రి తిట్టుకుంటూ పోయాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆయన చేతుల నిండా సున్నం. జుట్టు తెల్లబడింది. నేను పిలవకముందే నన్ను గుర్తుపట్టాడు.

"చిన్నయ్యా! బాగుండావా? వేలికి సిరా అంటుకోనుండాదే, పని కుదిరిందా?"

నేను ఎన్నోసార్లు లోపల అనుకుని పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"ఆ తప్పు నాది. నీది కాదు."

ఆయన ఒక రాయి తీసి, అడుగున ఇసుక సర్ది, పరిచి, అరచేత్తో తట్టాడు.

"నాకు చెప్పేదేముండాది సామీ? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళకి చెప్పు. వీధిలో చెప్పు."

"ఇన్నేండ్లకు ఎవరికి గుర్తుంటుంది?"

"నా కొడుకు ఆడనే ఉండాడు, గంజి పని చేసుకోని. పడుగు లెక్క కాడికి రానీరు వాడ్ని. లెక్క తప్పినోడి కొడుకంట. వాళ్ళకి బాగా గుర్తుండాది."

వస్తానన్నాను. చెబుతానన్నాను. ఆయన తలూపాడు, నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. ఇంకొక రాయి అందుకున్నాడు.

నేను వెళ్ళలేదు. అప్పటికి మా నాయన ఉన్నారు. వీధిలో నిలబడి నా తప్పు చెప్పడమంటే నాయన అబద్ధాన్ని బయటపెట్టడమే. ఉన్నదంతా పోయిన మనిషికి మాట కూడా లేకుండా చేయలేననుకున్నాను. నాయన పోయాక, ఇల్లు చేతులు మారుతున్న సమయంలో అక్కడికి పోతే జాలి కోసం వచ్చాననుకుంటారని ఆగాను. ఆ తర్వాత చెప్పుకోదగ్గ కారణం కూడా లేదు. నేనున్న వేలూరులోనే, నాలుగు వీధుల అవతల, ఆయన రాళ్ళు పరుస్తూనే ఉన్నాడు. నేను ఆ దారిన పోవడం మానుకున్నాను.

చావు సంగతి విన్నాక ఇదంతా రాసి అచ్చుకు ఇస్తే చాలునని మొదట అనుకున్నాను. కాని ఆ వీధివాళ్ళు మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు అరవంలో నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. తెలుగులో అచ్చయ్యేది వాళ్ళకు చేరదు. అందుకని పోయిన వారం తెల్లవారి బండికి బయలుదేరి గుడియాత్తం వెళ్ళాను.

వీధిలో పడుగు సాగి ఉంది. ఇరవై మంది దాకా ఉన్నారు. ఆయన కొడుకు కుంచెతో గంజి పట్టిస్తున్నాడు. మనిషి తండ్రి పోలికే, ఆ కన్ను తప్ప. నేను మధ్యలో నిలబడి, గొంతు పెంచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెన్నపట్నం దుప్పట్ల లెక్క నేను రాశాను. వద్దని ఆయన చెప్పాడు. నేను వినలేదు. తప్పు పోగులది కాదు, నా ముప్పై ఏడుది. మా నాయనకు కూడా తెలుసు.

"ఎవురీయన?" అని ఒక కుర్రవాడు పక్కవాణ్ణి అడిగాడు.

"పెద్దింటాయన కొడుకురా. వాళ్ళ ఇల్లే అదో, ఇప్పుడు బియ్యం మండీ పెట్టినారే."

"ఏ దుప్పట్లు నాయనా?" అన్నాడు ఒక ముసలాయన. ఎవరో గుర్తుచేశారు. ఆయన నోరు తెరిచి నన్ను చూసి, పొడుగ్గా నవ్వాడు. "అబ్బబ్బా! ఎఫ్.ఏ. చదువు గదా, కూడి చూసుకునేదానికి పదైదేండ్లు పట్టినాది!"

అందరూ నవ్వారు. నేను నిలబడే ఉన్నాను. అది నాకు రావలసిందే. నవ్వు తగ్గాక ఆ ముసలాయనే గొంతు మార్చి కొడుకును పిలిచాడు.

"ఒరే అబ్బయా. మీ నాయన మీద మాట పోయింది గదా ఇప్పుడు. శుక్రవారం మా ఇంటి పడుగుకి లెక్క నువ్వే చెప్పు. నాలుగు రంగుల గడి."

కొడుకు కుంచె ఆపలేదు.

"నాకు రాదు తాతా."

"ఏమిరా, ఆయన కొడుకువి గదా?"

"నాకు నేర్పేలోపలే ఊరిడిచి పోయినాడు. నేను ఈడ, ఆయన ఆడ. ఎప్పుడు నేర్చుకొనేది?" అప్పుడు నా వైపు చూశాడు, ఒకే ఒకసారి. "జరుగు సామీ. నీ నీడ పడుగు మీద పడతా ఉండాది. గంజి ఆరదు."

జరిగాను. ఇప్పుడు ఆ వీధిలో పడుగు లెక్కకు అరక్కోణం నుంచి ఒక మనిషిని పిలిపిస్తున్నారని, అతను కూడా పాత నమూనాలు తప్ప కొత్తవి వేయలేడని బండిలో తోటివాళ్ళు చెప్పుకుంటూ ఉంటే విన్నాను.

ఆయన మగ్గం ఆయన ఊరు విడిచిన వారంలోనే అమ్ముడుపోయింది. మా మగ్గాలలో కడపటి నాలుగింటిని, నాయన పోయిన ఏడు, అరవం లెక్క ఆడి నెలలో, కట్టెల ధరకు అమ్మాము.